చెన్నపురి నగరసభ – అణా పలహారము

చెన్నపురిలోని రిపన్ భవనమునకు పన్ను కట్టుటకో, జనన పత్రము తెచ్చుకొనుటకో పోయిన మనవారు ఆ ఆవరణములోని సర్ పిట్టి త్యాగరాయ చెట్టిగారి విగ్రహమును చూచియే యుందురు. త్యాగరాయనగరు అంగళ్లలో పట్టుచీర బేరమాడని తెలుగు కుటుంబము ఈ నగరమున లేదన్నను అతిశయోక్తి కాదు. అయినను ‘టి. నగరు’ అనునప్పటి ఆ పొడియక్షరము ఒక తెలుగు దేవాంగుని పేరని మా పాఠశాల పై తరగతుల పిల్లల నడిగినచో, పదిమందిలో ఒక్కడు చెప్పుట అరుదు. పెద్దలును అంతకంటె మెరుగుగా లేరు. తెలిసినవారికి ఆయన జస్టిస్ పక్ష స్థాపకులలో ఒకరు. 1920లో ముఖ్యమంత్రి పదవి తన చేతికందినను వలదని సుబ్బరాయలు రెడ్డియారుగారికి విడిచిన వారు. ఈ వ్యాసము ఆ పెద్ద విషయములను గూర్చినది కాదు. ఒక అణా ఖర్చును గూర్చినది.

చెన్నపురి కార్పొరేషను 1688లో ఏర్పడినది; భారతదేశపు నగరసభలలో అదియే ప్రాచీనతమము. త్యాగరాయ చెట్టిగారు 1852లో జన్మించిరి. మగ్గముల వ్యాపారము వారిది. 1882లో నగరసభ సభ్యులై, ఇంచుమించు నలువదియేండ్లు అందే పనిచేసి, ప్రభుత్వోద్యోగులు కాని వారిలో మొట్టమొదట దానికి అధ్యక్షులైరి. నేడు పలువురు ఆయనను మేయరని వ్రాయుచున్నారు. ఆయన వహించినది అధ్యక్ష పదవి. ఆ స్థానమునకు మేయరను పేరు 1933లో గాని రాలేదు. ఇది బడిపంతులు చాదస్తమని చదువరులు నన్ను మన్నింతురు గాక.

నలువదియేండ్లు నగరసభలో కూర్చున్నవానికి తెలియునవి మురుగుకాలువలు, మంచినీటి గొట్టములు, పన్ను బకాయిలు. ఆ బకాయిల నడుమనే 1920 సెప్టెంబరు 16వ తేదీన ఒక తీర్మానము ఆమోదము పొందెను. తమిళులు ఆయిరంవిళక్కు అని పిలుచు థౌజండ్ లైట్స్ ప్రాంతమున కార్పొరేషను బడి యొకటి కలదు. ఆ బడి పిల్లలకు, దినమునకు తలకొక అణాకు మించని వ్యయముతో, పలహారము పెట్టవలెనన్నది తీర్మానము. అధ్యక్షుడు చూపిన కారణము మిక్కిలి నిరాడంబరమైనది. ఆ పిల్లలు బీదలు. ఆ బీదతనము బడి సంఖ్యను దెబ్బతీయుచున్నది. అంతే.

ఇందలి క్రొత్తదన మెక్కడ నున్నదో చూడవలెను. అన్నము పెట్టుట మనకు క్రొత్త కాదు. సత్రములు కట్టించిన తెలుగు శ్రేష్ఠుల పేర్లు ఇట్టి సంచికలలో ఏటేట అచ్చగుచునే యున్నవి. గోదావరి సీమలో డొక్కా సీతమ్మగారు వేళగాని వేళ వచ్చినవారికి సైతము వండి పెట్టిరి. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకమునకు ఆమె పేరు పెట్టినది. కాని దానము దాత యిష్టము. దాత పోయినచో పొయ్యి ఆరవచ్చును. త్యాగరాయ చెట్టిగారు ధనవంతులు. తలచినచో ఆ ఒక్క బడి పిల్లలకు తమ సొంత సొమ్ముతోనే పెట్టగలవారు. అట్లు చేయక, పన్ను చెల్లించువారి సొమ్మునుండి, సభలో తీర్మానము చేయించి, లెక్క వ్రాయించి పెట్టించిరి. ఆకలి బడి నిర్వహణకు సంబంధించిన విషయమని ఒక నగరసభ పుస్తకములో కెక్కినది. ఆయన చేసిన పనిలో నాకు అన్నిటికంటె గొప్పగా తోచునది ఇదియే.

సభ్యులలో కొందరు ఆక్షేపించినను, పథకము మరి నాలుగు బడులకు వ్యాపించెను. ఆ బడులలో 1922-23లో 811గా నున్న పిల్లల సంఖ్య 1924-25 నాటికి 1,671 అయ్యెను. రెండేండ్లలో రెట్టింపునకు పైగా! నేను ఇరువది సంవత్సరములుగా హాజరుపట్టీలు వ్రాయుచున్నవాడను. పిల్లలను చేర్చుడని ఇంటింటికి తిరిగి, బ్రతిమాలి, ఏడాదికి నలుగురైదుగురిని తెచ్చుకొనిననాడు మేము పండుగ చేసికొందుము. కావున ఆ అంకెలను చదివినప్పుడు నా చేయి కొంతసేపు పుటపైననే నిలిచిపోయినది.

ఇక గుర్తింపు మాట. మా వంటి బడులవారికి ఈ మాట బాగుగా తెలియును. ప్రభుత్వ గుర్తింపు పత్రము లేనిదే బడి బడి కాదు. నగరసభ తలపెట్టిన క్రొత్త పనికిని అట్టి గుర్తింపే కావలసివచ్చెను. సన్మానము కాదు, పతకము కాదు. లెక్కలలో ఒక పంక్తి. 1920 నాటి మదరాసు ప్రాథమిక విద్యా చట్టముతో స్థానిక సంస్థలకు విద్యానిధి యేర్పడినది. బడి కట్టడము విద్య. పంతులు జీతము విద్య. పిల్లవాని కడుపులోనికి పోవునది విద్య యగునా? కాదని ప్రభుత్వము తేల్చెను. ప్రాథమిక విద్యానిధినుండి భోజనములకు ఖర్చు చేయరాదని 1925 ఏప్రిల్ 1వ తేదీనుండి నిషేధము వచ్చెను. పొయ్యి ఆరినది. ఆ సంవత్సరమే త్యాగరాయ చెట్టిగారును కాలధర్మము నొందిరి.

ఆనాడు ద్వంద్వ ప్రభుత్వమున విద్య మంత్రుల చేతిలోని శాఖ. ముఖ్యమంత్రి పానగల్లు రాజా. విద్యామంత్రి బరంపురమునకు చెందిన ఎ. పి. పాత్రోగారు. ఇరువురును త్యాగరాయ చెట్టిగారి పక్షమువారే. అయినను పద్దు మాట పద్దుదే అయ్యెను. లెక్కల అధికారిని దుష్టునిగా చిత్రించుట సులభము గాని న్యాయము కాదు. ఒక నిధి సొమ్ము వేరొక దానికి పోకుండ కాపలా కాయుటయే ఆయన కొలువు. చట్టము వ్రాసినవారికి ఆకలిగొన్న పిల్లవాడు తోచలేదు. వాని సంగతి తోచినది క్రింది సభకు. దానికి చట్టమును మార్చు అధికారము లేదు. స్థానిక సంస్థల చరిత్ర యంతయు ఇంచుమించు ఈ రెండు వాక్యములలో నున్నదని నా యభిప్రాయము.

రెండేండ్ల తరువాత, 1927లో, పథకమును తిరిగి నిలిపిరి. ఈ మారు 25 బడులలో సుమారు 1,000 మంది బీదపిల్లలకు; అనగా బడికి నలువదిమందికి. విరివి పెరిగినది, పలుచబడినది. అటుపిమ్మటి కథ అందరెరిగినదే: 1956లో కామరాజుగారి మధ్యాహ్న భోజనము, 1982 జూలై 1న ఎం. జి. రామచంద్రన్ గారి పౌష్టికాహార పథకము, 1995 ఆగస్టు 15న కేంద్ర ప్రభుత్వ పథకము. నగరసభ యొకటి అణాతో మొదలిడిన దానిని రాష్ట్రము, రాష్ట్రమునుండి దేశము అందుకొనెను.

ఇప్పుడు పురపాలక సంఘములకు గుర్తింపు పొందు మార్గములు పెక్కు. 2016లో 73 నగరములతో స్వచ్ఛ సర్వేక్షణము ఆరంభమైననాటినుండి ఊరికొక స్థానము, స్థానమున కొక ఫలకము వచ్చినవి. దరఖాస్తులు, ఛాయాచిత్రములు, నివేదికలు సిద్ధమగుచున్నవి. దీనిని నేను ఎగతాళి చేయను. పోటీ పేరనైనను వీథులు ఊడ్చుట మంచిదే. కాని పరీక్షాధికారి వచ్చునని తెలిసిననాడు బడిలో నల్లబల్లకు క్రొత్త రంగు వేయువారిని చూచినవాడను గనుక, ఫలకము గోడకెక్కిన మరునాడు ఆ వీథి ఎట్లున్నదని అడుగకుండ ఉండలేను. త్యాగరాయ చెట్టిగారి సభ తన పథకమునకు సాక్ష్యముగా చూపగలిగినది ఒక్కటే, పిల్లల పేర్లు గల పట్టీ. అది 1925లో చాలలేదు.

చాలినది 2022లో. ఆ యేడు సెప్టెంబరు 15వ తేదీన మదురైలో, ఒక కార్పొరేషను బడిలోనే, ముఖ్యమంత్రి స్టాలిన్ గారు ఒకటి మొదలు ఐదు తరగతుల పిల్లలకు ఉదయపు పలహార పథకమును ఆరంభించిరి. 1920 నాటి తీర్మానపు ప్రతి అప్పుడు వెలుగులోనికి వచ్చినది. సభలో త్యాగరాయ చెట్టిగారి పేరు వినబడినది. ఒక్క దినము తక్కువగా 102 సంవత్సరములకు!

ఆ దినమున మా ఇంట అందరును సంతోషించితిమి. కాని మాది ప్రభుత్వ సహాయము పొందు అల్పసంఖ్యాక భాషా పాఠశాల. ప్రభుత్వ బడి కాదు. పథకము మొదట 1,545 ప్రభుత్వ బడులకే. 2023 ఆగస్టులో రాష్ట్రమందలి ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలన్నిటికి, 2024 జూలైలో గ్రామములలోని సహాయక పాఠశాలలకు వచ్చెను. నగరములోని మేము వేచియుంటిమి. ప్రక్క వీథి బడిలో పిల్లలు ఉప్మా తినుచుండగా, మా పిల్లలు ప్రార్థనలో నిలబడిరి. మూడవ తరగతి బాలిక యొకతె అట్లు నిలిచియుండియే కూలబడినది. తల్లి ఇండ్లలో పనికి తెల్లవారకముందే పోవునట. ఆనాటినుండి మా ఉపాధ్యాయులము తలా కొంత వేసికొని బిస్కత్తుల డబ్బా ఒకటి ఉంచితిమి. అది దానము, పైన దానమును గూర్చి నేను చెప్పిన మాట దానికిని వర్తించును. నెలాఖరున డబ్బా ఖాళీ.

ఈ మధ్యకాలమున కొందరు తల్లులు పిల్లలను ప్రక్క బడికి మార్చిరి. వారిని తప్పు పట్టలేను. తెలుగు అక్షరములు ఇంటివద్ద నేర్పుకొందుమని వారనిరి. నేర్పలేదు. మన సంఘములు తెలుగు బడి క్షీణించుటకు చట్టములను, భాషాభిమాన లోపమును కారణములుగా ప్రతి సభలోను చెప్పుకొనుచున్నవి. ఆ పట్టికలో పలహారమును చేర్చినవారిని నేను చూడలేదు. 1920లో ఒక తెలుగు అధ్యక్షుడు దానిని మొదటనే వ్రాసియుండెను.

2025 ఆగస్టు 26వ తేదీన నగరములలోని సహాయక ప్రాథమిక పాఠశాలలు 2,400కు పైగా పథకములో చేరినవి. మాకును పళ్లెములు వచ్చినవి. తరువాతి సెప్టెంబరు 16న, పలహారమైన పిదప, నాలుగవ తరగతి పిల్లలకు త్యాగరాయ చెట్టిగారి కథ చెప్పితిని. అణా యన నేమని ఒకడడిగెను. నల్లబల్లపై రూపాయిని గీచి, పదునారు భాగములు చేసి, ఒక దానిని నింపి చూపితిని.

“అంతకు ఏమొస్తుంది సారూ?” అనెను వాడు.

“కిచిడీ” అని వెనుక వరుసనుండి ఆ బాలిక చెప్పినది.