'ఏజెన్సీ' శబ్దము - ఉత్తరాంధ్రమున దాని అర్థపరిణామము

పరభాషాపదము తెలుగున ప్రవేశించినప్పుడు దాని అర్థములన్నియు వెంటరావు. ఒకానొక అర్థము మాత్రమే వచ్చి, ఇచటి వ్యవహారమున నాటుకొని, కొంతకాలమునకు మూలభాషీయులే పోల్చుకొనలేని రూపము దాల్చును. శ్రీకాకుళ, విజయనగర ప్రాంతములలో ఇందుకు 'ఏజెన్సీ' శబ్దము చక్కని నిదర్శనము. సీతంపేటకో గుమ్మలక్ష్మీపురమునకో పోవువాడు "ఏజెన్సీకి పోవుచున్నాను" అనును. ఈ చరిత్ర నెరుగని ఆంగ్లేయుడు ఆ మాట వినినచో, అతడేదో వర్తకసంస్థకు పోవుచున్నాడని తలచునే కాని కొండలెక్కుచున్నాడని తలపడు. కార్యాలయమునకు చెందిన మాట కొండ పేరెట్లయినదో, ఆ మార్పున అది పోగొట్టుకొన్నదేమో విచారించుట ఈ వ్యాసమున కుద్దేశము.

'చేయుట' అను అర్థముగల లాటిన్ ధాతువు ఈ పదమునకు మూలము. ఏజెంటనగా చేయువాడు. ఏజెన్సీకి ఆంగ్లమున ప్రధానముగా నాలుగర్థములు కలవు: చేయుశక్తి, అనగా కర్తృత్వము, పని జరుగుటకు సాధనము, ఒకరి పక్షమున మరియొకరు పనిచేయుట, అట్లు పనిచేయువారి కార్యాలయము. తానై చేయువాడును, ఒకరి కొరకు చేయువాడును ఒకే మాటలో ఇమిడియుండుట ఈ పదమునందలి విశేషము. మన భాష ఈ రెంటిని వేరుగానే చూచినది. మొదటివాడు కర్త, రెండవవాడు వకీలు, ముక్త్యారు, గుమాస్తా. కంపెనీ కాలమున నేతగాండ్రకు బయానాలిచ్చి బట్టలు సేకరించిన వర్తక ప్రతినిధియే గుమాస్తా. అతడే తరువాత లెక్కలు వ్రాయు ఉద్యోగి అయినాడు. ఇట్టి మార్పులు భాషలో సామాన్యములు. కాని చేయువానిని తెలుపు పదము చోటును తెలుపుట అంత సామాన్యము కాదు.

ఈ మార్పునకు మూలము 1839 నాటి 24వ చట్టము. 1802లో శాశ్వత పరిష్కారము జరిగిన పిమ్మట పేష్కషు బకాయిలు, వారసత్వ వివాదములు, జప్తులు ఈ సీమను కలతపెట్టినవి. 1832 మొదలు పర్లాకిమిడి, పాలకొండ, విశాఖపట్టణ మండలములలో తిరుగుబాట్లు చెలరేగగా వానిని విచారించి అణచుటకు జార్జి ఎడ్వర్డు రస్సెలు ప్రత్యేక కమీషనరుగా వచ్చెను. పాలకొండ జమీందారీ జప్తయినది. కొండసీమలకు సామాన్య న్యాయస్థానముల చట్టములు పనికిరావని రస్సెలు అభిప్రాయపడెను. తత్ఫలితముగా గంజాము, విశాఖపట్టణ కలెక్టర్లు మద్రాసు గవర్నరునకు ఏజెంట్లయిరి. శిస్తు, తగవు, శిక్ష - మూడును ఒక్కని చేతికే వచ్చినవి. అతని అధికారమునకు ఏజెన్సీయని పేరు. ఆ అధికారము చెల్లు నేలకు ఏజెన్సీ భూభాగమని పేరు. 'భూభాగము' జారిపోగా 'ఏజెన్సీ' మిగిలినది.

ఆదిలో ఈ మాటకును కొండకును నియతమైన సంబంధము లేదు. విశాఖపట్టణ మండలమున మైదానములోని విజయనగరము, బొబ్బిలి సంస్థానములు కూడ 1863 వరకు ఈ ప్రత్యేక పాలనలోనివే. ఆ సంవత్సరమున అవి తొలగింపబడిన పిదప మిగిలినది ప్రధానముగా కొండసీమయే. కావున ఏజెన్సీ అనగా కొండ అను భావము నేలనుబట్టి కలుగలేదు. పాలన సరిహద్దు కుదించుకొనుటవలన కలిగినది.

ఇందొక వింత కలదు. జప్తయిన పాలకొండను 19వ శతాబ్ది మధ్యకాలమున మద్రాసులోని అర్బత్‌నాట్ కంపెనీకి కౌలుకిచ్చిరి. 1906లో దివాలాతీసిన ఆ సంస్థ ఆంగ్ల వాణిజ్య పరిభాషలో 'ఏజెన్సీ హౌసు'. ఆ తాలూకాలోని కొండభాగము పాలనాపరిభాషలో ఏజెన్సీ. ఒకే సీమకు ఒకే పదము రెండర్థములలో అనుభవమునకు వచ్చినది.

అటుపిమ్మట శాసనకర్తలు పేర్లు మార్చుచు వచ్చిరి. 1874లో షెడ్యూల్డు జిల్లాలు, 1919లో వెనుకబడిన భూభాగములు, 1935లో పాక్షికముగా మినహాయింపబడిన ప్రాంతములు, 1950లో రాజ్యాంగము ననుసరించి షెడ్యూల్డు ప్రాంతములు. జనవ్యవహారము వీనిలో దేనిని పట్టించుకొనలేదు. భూమి చేతులు మారుటను నిరోధించిన 1917 నాటి చట్టమునందును, 1959 నాటి నిబంధనయందును ఏజెన్సీ, ఏజెంటు అను పాతమాటలే నిలిచినవి. సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థల ఆంగ్లనామమునందును ఈ పదమే కలదు. కాని అక్కడ దాని అర్థము సంస్థయే.

మన మాట 'మన్నెము'. శాసనములలో మన్నెయ, మన్నీలు అనునవి సామంతప్రభువులను తెలుపును. విజయనగర ప్రభువులు 'మన్నె సుల్తాను' బిరుదము ధరించిరి. దొరను తెలుపు మాటయే దొర యేలు నేలకు వచ్చినదని భావించుట అసంగతము కాదు. అట్లయినచో రెండు పదముల చరిత్రయు ఒక్కటే: పాలకుని పేరు పాలితుల నేలకు అంటినది. 2022 ఏప్రిల్ 4న పార్వతీపురము మన్యము జిల్లా ఏర్పడుటతో ఈ ప్రాచీన పదము ప్రభుత్వ వ్యవహారమున మరల నిలిచినది. అయినను ఈ రెంటిలో ఏదియు సవరలు పెట్టిన పేరు కాదు. గిడుగు రామమూర్తి పంతులు 1931లో వ్యాకరణమును, 1938లో నిఘంటువును ప్రకటించిన సవరభాష ముండా కుటుంబమునకు చెందినది. ఈ రెండు మాటలును దానికి వెలుపలివే.

పరిశోధకులకు ఇది కేవలము పదవినోదము కాదు. రణజిత్ గుహా సంపాదకత్వమున 1982లో ఆరంభమైన సబాల్టర్న్ అధ్యయన సంపుటముల తరువాత చరిత్రరచనలో ఏజెన్సీ అనగా సామాన్యజనుల కర్తృత్వమే. మొదటి సంపుటముననే డేవిడ్ ఆర్నాల్డు గూడెము, రంప తిరుగుబాట్లను గూర్చి వ్రాసెను. అట్టి గ్రంథములలోని ఆ పదమును మన విద్యార్థి 'గిరిజనుల ఏజెన్సీ' యని యథాతథముగ దించినచో చదువరికి కొండలు తోచునే కాని చేయుశక్తి తోచదు. 1967లో ఆరంభమైన శ్రీకాకుళ గిరిజన పోరాటమును గూర్చి వ్రాయునప్పుడు ఈ పొరపాటు మరింత ప్రమాదకరము. పోరాటమునకు గిరిజనుడు కర్తయా, లేక అతని కొండ రంగస్థలము మాత్రమేనా అను ప్రశ్నయే మాటలో మునిగిపోవును.

వ్యాకరణ పరిభాషలో చెప్పవలెనన్న, ఆంగ్లమున కర్తను చెప్పు పదము ఇచట అధికరణమైనది. ఆ పదము కొండకు వచ్చినప్పుడు కర్తృత్వము ఏజెంటు దొర చేతనే ఉండిపోయినది. కొండవానికి దక్కినది పేరు మాత్రమే. కావున ప్రాంతమును చెప్పుచోట మన్యము, ఏజెన్సీ అని వాడుక ననుసరించియే వ్రాయుదము. శక్తిని చెప్పుచోట మాత్రము కర్తృత్వమనియే వ్రాయవలెను. అది కొత్తగా కల్పింపనక్కరలేని మాట. మన వ్యాకరణములు ఎన్నడో ఇచ్చినది.