తరగతి గదిలో మెహమాన్ ఎవరు?

కాలేజీలో దాఖలా ఫారం నింపేటప్పుడు మజ్‌హబ్, కులం, జిల్లా, ఆదాయం అన్నీ రాయించుకుంటారు. ఎవరెంతమంది ఉన్నారో లెక్క తీసి, మా కాలేజీలో అన్ని రకాల పిల్లలూ ఉన్నారని చెప్పుకుంటారు. లెక్క అవసరమే, కాదనను. కానీ ఆ ఫారంలో ఒక సవాల్ కనపడదు: పాఠం చెప్పే జబాన్, ఈ బిడ్డ ఇంట్లో మాట్లాడే జబాన్ ఒకటేనా? ఈ ఒక్క సవాల్ పట్టుకుని ఉస్మానియా యూనివర్సిటీ తారీఖ్ చదివితే, మనం బడిలో నేర్చుకున్న దానికంటే వేరే కథ బయటపడుతుంది.

నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఫర్మానా 1917లో వచ్చింది. 1918లో యూనివర్సిటీ ఏర్పడింది, 1919లో 225 మంది తలబాతో పాఠాలు మొదలయ్యాయి. దీని వెనుక అక్బర్ హైదరీ ఆలోచన ఉంది. పరాయి భాషలో చదివినవాడు బట్టీ పడతాడే గానీ ఇల్మ్ సొంతం చేసుకోలేడన్నది ఆయన దలీల్. అప్పటికి హిందుస్తాన్‌లోని యూనివర్సిటీలన్నీ ఆంగ్లంలోనే నడుస్తున్నాయి. ఇక్కడ మాత్రం తాలీమ్ ఉర్దూలో, ఆంగ్లం తప్పనిసరిగా చదవాల్సిన ఒక సబ్జెక్టు. మరి కితాబులు ఎక్కడివి? అందుకోసమే దారుల్ తర్జుమా పెట్టారు. మౌల్వీ అబ్దుల్ హఖ్ వంటి ఆలిములు కూర్చుని రసాయన శాస్త్రానికి, కానూన్‌కు, గణితానికి, తిబ్బుకు మాటలు పుట్టించారు. డాక్టరీ చదువు కూడా ఉర్దూలోనే సాగింది. ఈనాటికీ మన రెండు రాష్ట్రాల్లో తెలుగులో ఎంబీబీఎస్ చదవలేం. ఆ లెక్కన అది ఎంత పెద్ద కార్నామానో మీరే అంచనా వేసుకోండి.

అయితే ఉర్దూ ఎవరి మాదరీ జబాన్? రియాసత్‌లో దాదాపు సగం మంది ఇంట్లో తెలుగు. నాలుగో వంతు మందికి మరాఠీ, మరికొందరికి కన్నడం. ఉర్దూ ఇంటి భాషగా ఉన్నవాళ్లు పదో వంతుకు అటూ ఇటూ, వాళ్లలో ఎక్కువమంది షహర్లలో ఉన్నవాళ్లు. హైదరీ దలీల్ మాదరీ జబాన్ గురించి, అమలైంది సర్కారీ జబాన్. నల్లగొండ పల్లె నుంచి వచ్చిన పిల్లవాడికి ఆంగ్లం బదులు ఉర్దూ అడ్డొచ్చింది, అంతే తేడా. యూనివర్సిటీలో తెలుగు శాఖ లేకపోలేదు. రాయప్రోలు సుబ్బారావు వంటి పెద్ద కవే అక్కడ ఆచార్యుడు. కానీ తెలుగుకు దొరికింది ఒక శాఖ మాత్రమే. భౌతిక శాస్త్రం, చరిత్ర, కానూన్ తెలుగులో వినే భాగ్యం ఎవరికీ లేదు.

లోపల ఈ ఉక్కపోత ఉంది గనుకే 1938లో చిన్న నిప్పురవ్వ చాలింది. హాస్టళ్లలో హిందూ తలబా ప్రార్థనలో వందేమాతరం పాడటాన్ని అధికారులు ఆపారు. హర్తాళ్ జరిగింది, వందలమందిని కాలేజీల నుంచి తీసేశారు. చాలామందిని నాగపూర్ యూనివర్సిటీ చేర్చుకుంది. అలా వెళ్లినవాళ్లలో పి.వి. నరసింహారావు ఒకరు. దీన్ని ఉత్త మజ్‌హబ్ గొడవగా చెప్పడం రెండు వైపులా అలవాటైపోయింది. నాకది సగం నిజంలా కనిపిస్తుంది. తరగతిలో ముందే మెహమాన్‌లా ఉన్నవాడికి, హాస్టల్ గదిలో కూడా మెహమాన్‌గానే ఉండమంటే ఎలా ఉంటుందో చూడాలి.

ఇంకో ముఖం కూడా ఉంది. అదే యూనివర్సిటీ మెదక్ పల్లెలో పుట్టిన మఖ్దూమ్ మొహియుద్దీన్‌ను తయారుచేసింది. ఆయన హుకూమత్‌కు సలాం కొట్టలేదు, రైతుల వైపు నిలబడ్డాడు. ఉర్దూ మాధ్యమంలో చదువుకున్న సి. నారాయణరెడ్డి తెలుగులో గజల్ రాశారు. దాశరథి గాలిబ్‌ను తెలుగులోకి తెచ్చారు. బలవంతాన నేర్చిన జబాన్‌తోనూ మొహబ్బత్ కుదురుతుంది. అయితే అలా కుదరక మధ్యలోనే చదువు మానేసినవాళ్ల పేర్లు ఏ కితాబులోనూ ఉండవు.

1948 సెప్టెంబర్‌లో పోలీసు చర్య జరిగింది, రియాసత్ పోయింది. ఆ తర్వాత బోధన ఆంగ్లానికి మారింది. ముప్పై ఏళ్ల తర్జుమా మెహనత్ అటకెక్కింది. ఉర్దూలో డిగ్రీ, దఫ్తర్‌లో కొలువు అనుకున్న మధ్యతరగతి ముస్లిం ఇంటి పిల్లలకు ఒక్కసారిగా పాదాల కింద నేల జరిగింది. మరి తెలుగు పిల్లవాడికి తన జబాన్ వచ్చిందా? అదీ రాలేదు. చాలాకాలం తర్వాత డిగ్రీలో తెలుగు మాధ్యమం వచ్చింది గానీ సైన్సులో, వృత్తి విద్యలో ఆంగ్లమే కూర్చుంది. ఉర్దూవాడూ తెలుగువాడూ ఒకే గదిలో మెహమాన్లయ్యారు. ఈ సంగతి ఇద్దరూ గుర్తించలేదు, గుర్తించనివ్వలేదు కూడా.

ఇప్పటి తరగతికి వద్దాం. 'ముస్లిం విద్యార్థి' అనగానే ఉర్దూ మాట్లాడే పాతబస్తీ కుర్రాడే చాలామంది కళ్ల ముందు మెదులుతాడు. కోస్తాలోనో రాయలసీమలోనో దూదేకుల ఇంటి అమ్మాయి పుట్టినప్పటి నుంచి తెలుగే మాట్లాడుతుంది. ఉర్దూ రాదని ఒకరు, పేరు చూసి తెలుగు రాదని మరొకరు ఆమెను నిలదీస్తారు. 2007 చట్టం బీసీ-ఇ కింద 4 శాతం ఇచ్చినప్పుడు ఫకీర్లు, అత్తరు సాయబులు, ఖురేషీలు, గారడీ ముస్లింలు వంటి బిరాదరీల పేర్లు విడివిడిగా రాసింది. సయ్యద్, మొఘల్, పఠాన్ వంటివారిని బయట పెట్టింది. 2010లో హైకోర్టు దాన్ని కొట్టేస్తే, సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో నిలబడింది. ముస్లిం అంటే ఒకే ముద్ద కాదని కౌమ్ పెద్దలకంటే ఆ చట్టమే సాఫ్‌గా చెప్పిందని నా అభిప్రాయం. సచార్ కమిటీ 2006లో చెప్పిన మాటా మరవకండి: పేరున్న కాలేజీల్లో డిగ్రీ చదివే 25 మందిలో ఒక్కరు, పీజీలో 50 మందిలో ఒక్కరు ముస్లిం. ఆ ఒక్కరు ఏ ఇంటి నుంచి, ఏ జబాన్ నుంచి వచ్చారో ఎవరైనా అడిగారా?

ఆదిలాబాద్ నుంచి వచ్చిన గోండు కుర్రాడిది ఇంకా దూరం ప్రయాణం. ఇంట్లో గోండీ, బడిలో తెలుగు, కాలేజీలో ఆంగ్లం. అతని ఫారంలో 'ఎస్టీ' అని మాత్రం ఉంటుంది.

ఆ ఫారంలో ఇంటి జబాన్‌కు ఒక గడి కలపడానికి ఖర్చేమీ కాదు. మొదటి ఏడాది కొన్ని నెలలు ఆ జబాన్‌లో పాఠం అర్థం చేయించే ఉస్తాద్‌ను పెట్టడానికే ఖర్చవుతుంది. నూరేళ్ల కిందట ఒక రియాసత్ కొత్త మాటలు పుట్టించడానికే ఒక దఫ్తర్ తెరిచింది. ఇప్పటి సర్కార్లకు ఆపాటి పైసలు లేవంటే నేను నమ్మను.