పొసెసివ్ అడ్జెక్టివ్‌లు, పొసెసివ్ ప్రొనౌన్‌లు (ఇంగ్లీషు వ్యాకరణం)

ఒక వస్తువు గానీ, బంధం గానీ ఎవరిదో తెలిపే ఇంగ్లీషు మాటలివి. నామవాచకానికి ముందు వచ్చే మై, యువర్, హిజ్, హర్, ఇట్స్, అవర్, దెయిర్ అనేవి పొసెసివ్ అడ్జెక్టివ్‌లు. నామవాచకం తోడు లేకుండా నిలిచే మైన్, యువర్స్, హిజ్, హర్స్, అవర్స్, దెయిర్స్ అనేవి పొసెసివ్ ప్రొనౌన్‌లు. ‘హిజ్’ రెండు చోట్లా ఒకటే.

తెలుగుతో పోలిక: ‘నా పుస్తకం’ అంటే ‘మై బుక్’, ‘ఈ పుస్తకం నాది’ అంటే ‘దిస్ బుక్ ఈజ్ మైన్’. నా, నాది మధ్య తేడాయే మై, మైన్ మధ్య ఉంది. అయితే మా, మన రెండింటికీ ఇంగ్లీషులో ‘అవర్’ ఒక్కటే. ‘మా అమ్మ’ అనే అలవాటుతో ‘అవర్ మదర్’ అనడం మనవారిలో తరచు కనిపించే పొరపాటు. మాట్లాడేది ఒక్కరైతే ‘మై మదర్’ అనాలి. హిజ్, హర్ ఎంపిక యజమాని లింగాన్ని బట్టే: అతని చెల్లెలు ‘హిజ్ సిస్టర్’, ఆమె తమ్ముడు ‘హర్ బ్రదర్’. ‘నా స్నేహితుడొకడు’ అనడానికి ‘ఎ ఫ్రెండ్ ఆఫ్ మైన్’ సరైనది, ‘ఆఫ్ మీ’ కాదు.

చరిత్ర: మై, మైన్ రెండూ ప్రాచీన ఇంగ్లీషులోని ఒకే మాట నుంచి పుట్టాయి. ‘ఇట్స్’ 16వ శతాబ్దం చివర్లో వచ్చింది. అంతకుముందు ఆ పని ‘హిజ్’ చేసేది. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్ తొలి ముద్రణలో ‘ఇట్స్’ లేదు.

రాత: ఈ రూపాల్లో దేనికీ అపాస్ట్రఫీ ఉండదు. అపాస్ట్రఫీ ఉన్న ‘ఇట్స్’కు ‘ఇట్ ఈజ్’ లేదా ‘ఇట్ హ్యాజ్’ అని అర్థం.