మనష్షే రాజు: రెండు గ్రంథముల సాక్ష్యము

యూదా రాజులందరిలో ఎక్కువ కాలము, అనగా 55 సంవత్సరములు ఏలినవాడు మనష్షే. హిజ్కియా కుమారుడైన ఇతడు 12 ఏండ్ల ప్రాయమున రాజయ్యాడు, క్రీ.పూ. 642 ప్రాంతమున మరణించాడు. రాజుల రెండవ గ్రంథము 21వ అధ్యాయములో ఇతని గూర్చి ఒక్క మంచి మాటైనా కనబడదు. మందిర ఆవరణములలో అన్య బలిపీఠములు, అగ్నిగుండము దాటించబడిన సొంత కుమారుడు, యెరూషలేమును నింపిన నిరపరాధుల రక్తము! యూదా చెరకు ఇతని పాపములే కారణమని 24వ అధ్యాయము తేల్చుతుంది. దినవృత్తాంతముల రెండవ గ్రంథము 33వ అధ్యాయము ఆ పాపములను దాచదు గాని, తరువాతి కథ కూడా చెప్తుంది. అష్షూరు సేనాధిపతులు మనష్షేను సంకెళ్లతో బబులోనుకు కొనిపోయారు. అక్కడ అతడు తన్ను తాను తగ్గించుకొని ప్రార్థించి, తిరిగి రాజ్యమునకు వచ్చాడు.

దుష్టుడు అంతకాలము ఎట్లు ఏలెనను ప్రశ్నకు జవాబుగా ఈ కథ కల్పించబడినదని కొందరు పండితుల వాదము. దీనిని మనము తేలికగా త్రోసివేయరాదు. నీనెవెలో తన రాజగృహమునకు కలప, రాళ్లు చేరవేయించిన 22 మంది రాజులలో మనష్షే పేరును ఏసర్హద్దోను చెక్కించాడు. ఐగుప్తు దండయాత్రలో తనకు సహకరించిన రాజులలో అషూర్బనిపాల్ కూడ ఇతని పేరు చెప్తాడు. శాసనములలోని మనష్షే విధేయుడైన సామంతుడే. చెర మాట వాటిలో లేదు.

అయినను అది అసంభవము కాదని మా అభిప్రాయము. ఇదే అషూర్బనిపాల్ ఐగుప్తు పాలకుడైన నెకోను బంధించి నీనెవెకు తెప్పించి, క్షమించి, బహుమానములతో తిరిగి పంపాడు. (యోషీయాను చంపిన నెకో వేరు, అతడు ఇతని మనుమడు.) మరి నీనెవెకు గాక బబులోనుకెందుకు? క్రీ.పూ. 652–648 మధ్య బబులోనును ఏలుచున్న షమష్-షుమ్-ఉకిన్ తన తమ్ముడైన అషూర్బనిపాల్‌పై తిరుగుబాటు చేశాడు. దాని తరువాత అనుమానితులైన సామంతులను అక్కడికే రప్పించి యుండవచ్చును. ఇది ఊహయే, ఋజువు కాదు. పశ్చాత్తాపమును గూర్చి శాసనములను అడుగుట అసలే వ్యర్థము.

అయితే ఆ పశ్చాత్తాపము ఎంత లోతుగా పనిచేసినదో దినవృత్తాంతముల గ్రంథమునే అడుగవచ్చును. 15వ వచనములో మనష్షే విగ్రహమును, బలిపీఠములను పట్టణము వెలుపల పారవేయించాడు. 22వ వచనములో అతని కుమారుడు ఆమోను, తండ్రి చేయించిన విగ్రహములకే బలులర్పించాడు. పారవేయబడినవి నాశనము కాలేదన్నమాట! ఆమోను రెండేండ్లే ఏలాడు. మనష్షే కట్టించిన బలిపీఠములను పడగొట్టించి, వాటి పొడిని కిద్రోను వాగులో పోయించిన పని మనుమడైన యోషీయాకు మిగిలింది.