తీగ

పందిరికి పాకేది తీగ. వీణకు బిగించేది తీగ. కరెంటు మోసేదీ, బెల్లం పాకం వేళ్ల మధ్య సాగితే కనబడేదీ తీగే. ఇప్పుడు నానోవైర్‌ను, అంటే మందాన్ని నానోమీటర్లలో కొలవాల్సినంత సన్నని తీగను, నానోతీగ అంటున్నాం. ఇంగ్లీషు మాటలో లోహపు తీగే ఉంది, మన మాటలో మొక్క కూడా ఉంది. కాకతాళీయమే, కానీ ఎంత చక్కగా కుదిరిందో! ఎందుకంటే చాలా నానోతీగల్ని సాగదీసి చేయరు, పెంచుతారు. 1964లో బెల్ ల్యాబ్స్‌లో వాగ్నర్, ఎల్లిస్ చూపిన పద్ధతిలో కరిగిన బంగారపు బొట్టు ఆవిరిలోంచి సిలికాన్‌ను పీల్చుకుంటుంది. బొట్టు నిండాక దాని అడుగున స్ఫటికం మొలిచి, ఆ బొట్టునే తలమీద మోసుకుంటూ ఎదుగుతుంది.

2001లో బర్క్‌లీలో పెయ్‌డాంగ్ యాంగ్ బృందం ఇలా పెంచిన జింక్ ఆక్సైడ్ నానోతీగల నుంచి గది ఉష్ణోగ్రతలోనే అతినీలలోహిత లేజర్ కాంతిని రాబట్టింది. విడిగా అద్దాలు లేవు, తీగ రెండు కొసలే అద్దాలు.

ఇక్కడ వీణ తీగ గుర్తుకొస్తుంది. రెండు కొసల మధ్య బిగించిన తీగ కొన్ని కంపనాలకే ఒప్పుకున్నట్టు, నానోతీగలో కొన్ని తరంగదైర్ఘ్యాలే నిలుస్తాయి. వాటినే మోడ్‌లంటారు. లేజర్‌లో ఒక్క మోడే మిగలాలంటే తీగను పొట్టి చేసి మోడ్‌ల మధ్య ఎడం పెంచవచ్చు. కానీ కాంతి బలపడే దారీ తగ్గిపోతుంది. అందుకే ఒక పద్ధతిలో రెండు తీగల్ని మధ్యలో సన్నని ఖాళీతో కొసకు కొస ఎదురుగా ఉంచుతారు. రెండింటికీ నప్పిన మోడే వెలుగుతుంది.