సారా కొట్టు, సర్కారు నీతి

మద్యనిషేధం మాట వచ్చినప్పుడల్లా మనవాళ్లు రెండు పక్షాలుగా చీలిపోతారు. తాగుడు మాన్పించడం సర్కారు ధర్మమంటారు కొందరు, ఎవడి నోరు వాడిష్టమంటారు మరికొందరు. తెలుగునాట మాత్రం ఈ తగువులో మూడో పక్షం ఎప్పుడూ ఉంది. అది ఖజానా.

1937 అక్టోబరు 1న మద్రాసు ప్రెసిడెన్సీ ప్రధాని రాజాజీ సేలం జిల్లాలో నిషేధం మొదలుపెట్టారు. మరుసటి ఏడాది అది చిత్తూరు, కడపలకు పాకింది. పోయిన రాబడి పూడ్చడానికి 1939లో అమ్మకం పన్ను వేశారు. చుక్క ముట్టనివాడు కూడా ఆ నీతికి తన వంతు కట్టాడన్నమాట.

రాజ్యాంగ సభలో మద్యనిషేధాన్ని ఆదేశసూత్రాల్లో చేర్చబోతే ఆదివాసీ నాయకుడు జైపాల్ సింగ్ అడ్డు చెప్పారు. బియ్యపు కల్లు ఆదివాసుల పూజల్లో, నాట్ల పనుల్లో భాగమని ఆయన వాదన. ఒకరి నీతి ఇంకొకరి ఆచారం మీద పడుతుందని అంత సూటిగా చెప్పినవారు ఆ సభలో తక్కువే. అయినా 47వ అధికరణం నిలిచింది. 1951లో బొంబాయి నిషేధ చట్టాన్ని సుప్రీంకోర్టు చాలావరకు సమర్థించింది గానీ, ఆల్కహాలు కలిసిన మందులు, సెంట్ల జోలికి పోవద్దంది. స్వేచ్ఛకు దక్కింది అంతే.

ఆంధ్ర రాష్ట్రంలో 1954లో ప్రకాశం ప్రభుత్వం మద్యనిషేధం గొడవలోనే ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. 1969లో ఆంధ్ర ప్రాంతంలో నిషేధం ఎత్తేశారు. ఎనభైలకు వచ్చేసరికి సర్కారే సారాను ప్యాకెట్లలో నింపించి పల్లెలకు పంపింది. కూలివాడికి చేతిలో డబ్బు పడే వేళకు ప్యాకెట్టు సిద్ధంగా ఉండేది.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రి బడికి వచ్చిన ఆడవాళ్లు అక్షరాలు దిద్దుతూ వాచకంలో సీతమ్మ కథ చదివారు. తాగుబోతు మగడి చేతిలో నలిగిన ఇల్లాలి కథ అది. చదివి ఊరుకోలేదు, వర్ధినేని రోశమ్మ వంటివారు ముందుండగా సారా కొట్టు మూయించారు. జిల్లాలో సారా వేలంపాటలు వాయిదా మీద వాయిదా పడ్డాయి. వాళ్లు కోరింది తాగినవాణ్ణి జైల్లో వేయమని కాదు. కూలి డబ్బు ఇంటికి రావాలి, అమ్మేవాడు అమ్మడం మానాలి. అమ్మేవాడు సర్కారే. నా లెక్కలో అది నీతిచట్టం కోసం జరిగిన పోరాటం కానే కాదు, తాగుబోతు స్వేచ్ఛ కింద ఇంకొకరి కూడు పోకూడదన్న పట్టు.

1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా ఆగింది. అక్కడ ఆగివుంటే కథ వేరు. 1994లో ఎన్టీఆర్ ప్రమాణస్వీకారం రోజునే సంపూర్ణ నిషేధం ఫైలు మీద సంతకం చేశారు. 1996లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని నిలబెట్టింది కూడా. కోర్టులో గెలిచిన చట్టం సరిహద్దుల దగ్గర ఓడింది. పక్క రాష్ట్రాల సరుకు దొంగదారిన వచ్చింది, ఖజానా ఖాళీ అయింది. 1997 ఏప్రిల్లో చంద్రబాబు సడలించారు. సారా మీద నిషేధాన్ని మాత్రం ముట్టుకోలేదు. కోర్టు తీర్పుకు లేని బలమేదో ఆ ఆడవాళ్ల మాటకు ఉండబట్టే కదా!

2019లో ఆంధ్రప్రదేశ్ సర్కారు దశలవారీ నిషేధమంటూ దుకాణాలు తన చేతిలోకి తీసుకుంది. 2024లో వచ్చిన కొత్త సర్కారు వాటిని ప్రైవేటువారికి వదిలి, 99 రూపాయలకే క్వార్టర్ అని ప్రకటించింది.