వెల్లంపల్లి రేవున ఎదురుచూడని సమూహము: ధాత కరువు నాటి ఒంగోలు మిషను అనుభవము

1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మము పొందిన సంగతి మన సంఘాలలో సండేస్కూలు పిల్లలకు సైతము తెలుసు. జూబిలీ సభలలో ఈ సంఖ్యను మనము అతిశయముతో చెప్పుకుంటాము. అయితే అంత జనము వస్తారని మిషనులో ఎవరూ అనుకోలేదు. పైగా, క్రైస్తవులు తప్ప మరెవరూ రావద్దని ముందే కబురు పంపారు. అనుకోనిది మీదపడినప్పుడు ఒక సంస్థ ఎలా నిలబడుతుందో, ఎక్కడ తడబడుతుందో తెలుసుకోవడానికి మన దేశపు సంఘ చరిత్రలో ఇంతకంటె మంచి ఉదాహరణ మాకు కనబడలేదు.

జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు 1866లో ఒంగోలు చేరారు. 1867 జనవరి 1న ఎనిమిది మందితో సంఘము ఏర్పడింది. మొదటి తలకిందులు అప్పుడే జరిగింది. అగ్రవర్ణాల పిల్లల కోసము తెరచిన పాఠశాల, మాదిగలు సంఘములోనికి వస్తున్నారని తెలియగానే ఖాళీ అయింది. క్లౌ దంపతులు వేర్వేరు గదులలో బైబిలు తెరువగా ఇద్దరికీ మొదటి కొరింథీ మొదటి అధ్యాయములోని అదే భాగము కనబడినదని మిషను చరిత్రలు చెబుతాయి. ఏమైనా వారు తమ పథకాన్ని విడిచి, వచ్చినవారిని చేర్చుకున్నారు. 1877 నాటికి సభ్యులు మూడు వేలు దాటారు.

1876లో వర్షాలు తప్పిపోయాయి. మన పెద్దలు ధాత కరువు అని చెప్పుకున్నది ఇదే. మద్రాసు రాజధానిలో లక్షలాది మంది ఆకలితో, కలరాతో చనిపోయారు. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ సహాయపు పనులలో కూలిని దినానికి ఒక పౌను ధాన్యము, దానిపై ఒక అణాకు తగ్గించాడు. క్లౌ దొరగారు యవ్వనములో అమెరికాలో భూమి సర్వే పని నేర్చినవారు. ఆయన బకింగ్‌హాం కాలువలో సుమారు మూడున్నర మైళ్ల తవ్వకాన్ని కంట్రాక్టుగా తీసుకున్నారు. బోధకులే మేస్త్రీలయ్యారు. పగలు మట్టి కొలతలు, సాయంకాలము సువార్త. మత్తయి 11:28 వారి ముఖ్య వాక్యము. తట్టలు మోసి భుజాలు కాయలు కట్టినవారికి ఆ వచనమునకు వ్యాఖ్యానము అవసరము లేకపోయింది.

ఇక్కడే ఆ మిషను చేసిన అతి కఠినమైన నిర్ణయము ఉంది. కరువు సాగినంత కాలము, సుమారు పదిహేను నెలలు, బాప్తిస్మములు నిలిపివేశారు. అడిగినవారు వేలమంది. కాని చేతిలో ధాన్యము, డబ్బు ఉన్నవాడు అడిగినవానికి బాప్తిస్మమిస్తే ఎవరి మనస్సు ఎటువంటిదో ఎలా తెలుస్తుంది? ఈ ప్రశ్నను మేము పుస్తకములో మాత్రమే చదువలేదు. 1990 మే నెల తుపాను తరువాత మేము పరిచర్య చేసిన ఊరిలో బియ్యము పంచిన నెలలోనే పలువురికి బాప్తిస్మమిచ్చాము. నివేదికలో సంఖ్య బాగుంటుందని తొందరపడిన వారిలో మేమూ ఉన్నాము. మరుసటి సంవత్సరము ప్రభు బల్ల దగ్గర వారిలో కొద్దిమందే కనబడ్డారు. వెళ్లిపోయినవారిని నిందించలేదు, వారిని పరీక్షించడానికి మేము సమయమే ఇవ్వలేదు.

1878 మధ్యకు సహాయపు పని ముగింపునకు వచ్చింది. ఇక డబ్బు లేదని చెప్పడానికే క్లౌ దొరగారు ఒంగోలుకు ఉత్తరముగా పది మైళ్ల దూరములోని వెల్లంపల్లి వద్ద క్రైస్తవులను పిలిచారు. వేలాది మంది దిగారు. తమకు డబ్బు అక్కరలేదని, బాప్తిస్మమే కావాలని అన్నారు. ఇక ఆపడానికి కారణము లేకపోయింది. జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది, మొత్తము 3,536 మంది బాప్తిస్మము పొందారు.

ఆ మధ్య దినపు పద్ధతిని కొంచెము నిదానముగా చూడాలి. క్లౌ దొరగారు నీటిలో దిగలేదు. ఆరుగురు తెలుగు బోధకులు, ఒక్కసారికి ఇద్దరు చొప్పున, అలసినవారి స్థానములో మరొకరు దిగుతూ, మధ్యాహ్నపు విరామము పోగా సుమారు తొమ్మిది గంటలు బాప్తిస్మమిచ్చారు. లెక్క వేస్తే ఒక్కొక్క బోధకునికి మనిషికి అర నిమిషము. అపొస్తలుల కార్యములు 2:41లోని మూడు వేల సంఖ్యను అసాధ్యమనేవారికి ఈ లెక్క చాలునని కొందరు సంతోషించారు. మాకు ఆ వాదముకంటె ముఖ్యమైనది వేరొకటి. ఏ పల్లె మనిషిని ఆ పల్లెల బోధకుడే ముందుగా ప్రశ్నించి, పేరు వ్రాయించాడు. ముఖము ఎరిగినవాడు చేసిన పరీక్ష అది. బోధకులు మూడు నెలలకొకసారి ఒంగోలులో కూడి ప్రతి పల్లె సంగతి చెప్పే అలవాటు కరువుకు ముందునుండే ఉంది. రామాయపట్నములో సెమినరీ 1872లోనే మొదలైంది. జూలై 3 ఉదయమున క్రొత్తగా ఏర్పాటు చేసినది చాలా తక్కువ.

దీనిని అద్భుతమని మాత్రమే చెప్పి వదలివేస్తే ఆ ఆరుగురి పని మరుగైపోతుంది. కూటికోసము కలిశారని మాత్రమే చెప్పినా అన్యాయమే. కూలి నడిచిన దినాలలో ద్వారము మూసి ఉంది, కూలి ఆగినప్పుడు తెరిచారు. ఆకలి వారిని బోధకుల దగ్గరకు తెచ్చిన మాట నిజము, దానిని దాచనక్కరలేదు. అంటరానివారని ఊరి వెలుపల ఉంచిన మనుష్యులకు కాలువ గట్టున తమ కులపు మేస్త్రీ దొరకడమే ఒక సువార్త.

తడబాటు తరువాత వచ్చింది. 1878 ఆఖరుకు ఒంగోలు సంఘములో పన్నెండు వేలకు పైగా సభ్యులు. వందల పల్లెలలో చెదరియున్న వారందరూ కాగితము మీద ఒకే సంఘము. చదువు చెప్పేవారు చాలలేదు. చాలా పల్లెలకు బోధకుని రాక ఎప్పుడో ఒకసారి. రావలసిన సమూహము కోసము మనుష్యులను సిద్ధపరచిన మిషను, వచ్చిన సమూహాన్ని మేపడానికి సరిపడినంత మందిని సిద్ధపరచలేదు. పిలిచిన చోటికి అంతమంది పనివారిని అమెరికా సంఘాలు వెంటనే పంపలేదు. ఆ భారము తగ్గించడానికి 1882, 1883 సంవత్సరాలలో ఒంగోలు క్షేత్రము నుండి కంభము, వినుకొండ, నరసరావుపేట, బాపట్ల క్షేత్రాలను వేరుచేశారు. వెల్లంపల్లి రేవు నుండి అక్కడికి చేరడానికి నాలుగైదు సంవత్సరాలు పట్టింది. ఆ మధ్య కాలములో చాలా పల్లెలలో ఆరాధన నడిపినది పాటలు కంఠస్థము చేసిన, చదువురాని పెద్దలే.